వరండాలో రెండు చుక్కలు

మా డిపార్టుమెంటు రెండో అంతస్తు వరండాలో, ల్యాబు తలుపుకూ తాగునీళ్ళ ఫిల్టరుకూ నడుమ, గోడవారగా ఒక చోటు ఉంది. చూడడానికి అక్కడ ఏమీ లేదు. అందరూ తొక్కే నేలే, అందరూ ఆనుకునే నీలం రంగు గోడే, కాస్త పైన ఎప్పుడో మేకు పీకేసిన బొక్క. చదువు ముగిసి ఇప్పుడు చిత్తూరులో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఏ పనిమీదైనా ఆ వరండాలోకి వెళ్తే, ఆ చోటు దగ్గరికి రాగానే నా కాళ్ళు వాటంతటవే పక్కకు తిరుగుతాయి. ఈ సంగతి చెప్పినప్పుడు కొందరు నవ్వారు. ఎవరెవరు నవ్విందీ నాకు గుర్తుంది.

ముప్పై దాటాక నేను ఎం.టెక్.లో చేరాను. అంతకు ముందు పలమనేరులో డిప్లొమా పిల్లలకు చెప్పేదాన్ని. తిరుపతిలో ఇంటెలిజెంట్ రోబోటిక్స్ కోర్సు పెట్టారని తెలిసి ఉద్యోగం వదులుకుని వచ్చాను. ఇంటర్వ్యూలో ఒకాయన, "ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా, ఉండే పని చూసుకోకుండా" అన్నాడు. ఆయన మొహం ఇప్పుడు సరిగా గుర్తులేదు. చొక్కా జేబు మీది ఇంకు మరక మాత్రం కళ్ళకు కట్టినట్టు ఉంది.

నా గైడుగా వచ్చిన సారు నాకంటే చిన్నవారు. తెలివైనవారు, అది కాదనను. నన్ను 'మేడమ్' అని పిలిచేవారు. మిగతా వాళ్ళను పేరు పెట్టి, నన్ను మాత్రం మేడమ్ అని. అందులో గౌరవం ఎంతో, ఎడంగా పెట్టడం ఎంతో తేల్చుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు. మా ప్రాజెక్టులో నాతోపాటు ఇంకొకడే విద్యార్థి. రోజూ పుత్తూరు నుంచి బస్సులో వచ్చి పోయేవాడు. మంచివాడే. మంచివాళ్ళతో ఉండే ఇబ్బంది ఏమిటో తర్వాత చెబుతాను.

మేము చేస్తున్నది ఆసుపత్రి వరండాల్లో మందులూ రిపోర్టులూ మోసుకుపోయే రోబో. ల్యాబులో అందరం దాన్ని బండి అనేవాళ్ళం. మోకాలి ఎత్తు ఉంటుంది. ముందు భాగంలో, మనిషి పిక్కల ఎత్తున, గిరగిరా తిరిగే ఒక లేజర్ కన్ను. బండికి ఒక చోటు నేర్పాలంటే ముందు దాన్ని ఆ చోటంతా మెల్లగా తిప్పాలి. కన్నులోంచి పోయిన వెలుతురు దేనికి తగిలి తిరిగివస్తే, అక్కడ ఒక నల్ల చుక్క పెట్టుకుంటుంది. చుక్కలు కలిసి గోడలవుతాయి, స్తంభాలవుతాయి. అదే దాని మ్యాపు. ఆ తర్వాత ఎప్పుడు నడిచినా ఆ మ్యాపును నమ్మి నడుస్తుంది. మ్యాపు గీసేటప్పుడు నడిచిపోయే మనిషి అడ్డొస్తే చుక్క పెట్టి మళ్ళీ తుడుచుకుంటుంది. కదలకుండా నిలబడిన మనిషిని మాత్రం గోడలో కలిపేస్తుంది. అందుకే ఆ సమయంలో వరండాలో ఎవరూ నిలబడకూడదు. మాకు చెప్పిన మొదటి పాఠం ఇదే.

దసరా సెలవుల ముందు ల్యాబులో రివ్యూ జరిగింది. బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన చూడడానికి వచ్చారు. బండి మలుపు తిరిగే లెక్క నేను వేసింది. తెర మీద దాని కింద సారు పేరూ, పుత్తూరు అబ్బాయి పేరూ ఉన్నాయి. అది సరే అనుకున్నాను. అనుకోలేదు, ఊరుకున్నాను. కానీ ఆ లెక్కను ఎత్తి రాయడంలో కూడిక గుర్తు ఉండవలసిన చోట తీసివేత గుర్తు పడింది. అట్లా వదిలేస్తే బండి గోడకు గుద్దుకుంటుంది.

"సార్, అది తప్పు పడింది. నేను వేసింది అట్లా కాదు" అన్నాను.

సారు పెద్దాయన వైపు చూసి నవ్వి, నా వైపు తిరిగారు.

"మేడమ్, మీరు కొంచెం సేపు బయట నిలబడండి. పిలుస్తాను."

బయటికి వచ్చి గోడవారగా నిలబడ్డాను. ఎదురుగా కిటికీ అరుగు ఉంది. కూర్చోవచ్చు. కూర్చోలేదు. నిలబడమన్నారు కాబట్టి, తలుపు తీసినప్పుడు నిలబడే కనిపించాలి అనుకున్నాను. నా విద్యార్థులు ఎంత అల్లరి చేసినా ఒక్కరినీ నేను బయట నిలబెట్టలేదు. అది కూడా అక్కడ నిలబడి గుర్తు చేసుకున్నాను.

కాసేపటికి లోపల కవరు విప్పిన చప్పుడు, నెయ్యీ పచ్చకర్పూరం కలిసిన వాసన. సారు వాళ్ళ మామయ్యది తిరుమల కొండ మీద ఉద్యోగం. రివ్యూ రోజు సారు లడ్డూలు తేవడం అలవాటు. లోపల అందరూ చేతులు చాపి ప్రసాదం తీసుకోవడం తలుపు సందులోంచి కనిపించింది. బయటికి ఎవరూ తేలేదు.

అంతలో పుత్తూరు అబ్బాయి లోపలి నుంచి బండిని తోసుకుంటూ వచ్చాడు.

"అక్కా, వరండా మ్యాపు ఈ పొద్దే గీసెయ్యమన్నారు సారు. రవంత అట్లా జరుగుతావా?"

"సారు నన్ను ఈడ నిలబడమన్నారు. జరగను."

"అబ్బా, అక్కా! బండి నిన్ను గోడ అనుకుంటాది."

"అనుకోనీ. మీ సారుకు లేని పట్టింపు బండికెందుకు?"

"నా బస్సు పోతాది అక్కా."

"పోనియ్యప్పా, నేనేమన్నా అడ్డమా? గోడవారగా ఉండా."

అతను నవ్వలేక నవ్వి రిమోట్ నొక్కాడు. బండి నా పిక్కల ముందు నుంచి సన్నగా గుర్రుమంటూ అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. నేను కదలలేదు. బ్యాగు బరువుగా ఉంటే ఎడమ కాలికి ఆనించి పెట్టుకున్నాను, అంతే. సారు అవతలి తలుపు గుండా పెద్దాయనను తీసుకుపోయారు. ఇద్దరూ కింద కారు ఎక్కడం కిటికీలోంచి చూశాను. అయినా నిలబడ్డాను. చివరికి అటెండరు తాళాల గుత్తితో వచ్చాడు.

"ఇంకా ఈడనే ఉండారా మేడమ్? సారు ఎప్పుడో ఎల్లిపాయ."

మర్నాడు ల్యాబులో ఆయుధపూజ. నిన్నటి మాట సారు ఎత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు. "లడ్డు నీకు తీసి పెడదామనుకున్నా అక్కా, అయిపాయ" అని పుత్తూరు అబ్బాయి మాత్రం అన్నాడు. ల్యాబులో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి గంధం గిన్నె, కుంకుమ భరిణె నా చేతికి ఇచ్చారు. కంప్యూటర్లకు, సోల్డరింగ్ పెట్టెకు, అన్నిటికీ బొట్లు పెట్టాను. బండికి మూత మీద పెట్టాను. సారు వచ్చి, "మొహానికి పెట్టకుంటే ఎట్లా మేడమ్" అని తన బొటనవేలితో లేజర్ కన్ను మీది గాజు కప్పుకు గంధం రాసి, కుంకుమ అద్దారు. వద్దు సార్ అన్నాను. "సెంటిమెంటు మేడమ్" అన్నారు.

సెలవులు అయ్యాక కొత్త మ్యాపుతో బండిని మొదటిసారి వరండాలో వదిలాము. చక్కగా బయలుదేరింది. ల్యాబు తలుపు దాటింది. ఫిల్టరు ఇంకా కాస్త దూరం ఉందనగా వేగం తగ్గించింది. ఆగింది. ఎవరినో తప్పుకోమని అడిగి, జవాబు కోసం చూస్తున్నట్టు ఆగింది. తర్వాత ఎడంగా వంగి, ఖాళీ నేల చుట్టూ తిరిగి, మళ్ళీ గోడవారకు వచ్చి సాగిపోయింది. మిట్టమధ్యాహ్నం. వరండా నిండా ఎండ. అక్కడ ఎవరూ లేరు.

"బొట్టు ఎవరు పెట్టింది కన్ను మీద?" అన్నారు సారు.

"మూత మీద నేను పెట్టినాను. కన్ను మీద మీరు పెట్టినారు సార్."

"ఆడవాళ్ళు మీరే కదా మేడమ్ పెట్టింది" అన్నారు నవ్వుతూ.

ఇది కూడా నా మీదికే వచ్చింది. కన్ను మీద మరక ఉంటే ఆ మరక బండితోపాటే పోతుంది, బండి పోయిన ప్రతి చోటా వంగాలి, ఇది ఒక్క చోటే వంగుతోంది అని చెప్పాను. "మీకు అన్నీ తెలుసు" అన్నారు. స్పిరిట్ పెట్టి గాజు తుడిపించారు. బండి మళ్ళీ అక్కడే వంగింది.

ఆ సాయంత్రం కంప్యూటరు మీద మ్యాపు పెద్దది చేసి చూశాను. గోడ నల్ల గీత పక్కనే రెండు చుక్కలు. వాటి మధ్య జానెడు ఎడం. ఎడమ చుక్క కొంచెం లావు. బ్యాగు.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. వరండా అంతా ఖాళీగా ఉన్న ఆ మ్యాపులో మనిషన్న గుర్తు ఆ రెండు చుక్కలే. మొహం లేదు, చేతులు లేవు, పిక్కలు మాత్రం ఉన్నాయి. నేను ఇక్కడ కూర్చున్నాను. అక్కడ నిలబడే ఉన్నాను. ఇంకా ఎవరూ పిలవలేదు.

ఎవరికీ చెప్పలేదు. సారే కనిపెట్టాలి, సారే అడగాలి. ఆ రోజు అక్కడున్న వాళ్ళ ముందు, 'పిలుస్తానని చెప్పి మరిచిపోయినాను' అని ఒక్కమాట అనాలి. నాకు కావలసింది అంతే. అది వచ్చేదాకా ఆ చుక్కలు ఉండనీ అనుకున్నాను.

బండి రోజూ అక్కడ ఆగేది. రోజూ అడిగేది. రోజూ తప్పుకునేది. దాని వెనుక నడిచే మేమూ తప్పుకోవడం మొదలుపెట్టాము. జూనియర్లు ఫిల్టరుకు సీసాలు పట్టుకుపోతూ అక్కడ పక్కకు తిరిగి నడిచేవాళ్ళు. ఊడ్చే ఆమె చీపురు అక్కడిదాకా తెచ్చి, అవతల మళ్ళీ మొదలుపెట్టేది. ఈ బిల్డింగు కట్టేటప్పుడు కూలీ ఎవరో పడిపోయాడని ఒకరు, కాదు ఎవరో పిల్ల అని ఇంకొకరు. ఒక ఉదయం నేను వచ్చేసరికి గోడ మొదట్లో నిమ్మకాయ ఉంది. రెండుగా కోసి, కుంకుమ అద్ది, నా రెండు కాళ్ళ మధ్య పెట్టారు.

"ఆడ ఏదో ఉండాదంట అక్కా" అంది ఒక జూనియర్ అమ్మాయి గుసగుసగా.

"ఉండాది" అన్నాను.

ఆ పిల్ల మళ్ళీ నాతో ఒంటరిగా ల్యాబులో కూర్చోలేదు. నిమ్మకాయను బండి కన్ను చూడలేదు, అది మరీ కింద ఉంది. నన్ను మాత్రం చూసింది.

తిరుచానూరులో లాడ్జీల వీధిలో నాకు అద్దె గది ఉండేది. కార్తీకంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు దగ్గర పడగానే ఇంటామె తలుపు కొట్టింది. "ఉత్సవాలు అయ్యేదాకా మీ ఊరికి పోయి రామ్మా. భక్తులు అడగతా ఉండారు. నీ సామాన్లు మూలకి సర్దుకుంటాంలే" అంది. నా గదిలో ఎవరో పడుకుంటారు, నా అద్దంలో తల దువ్వుకుంటారు. ఇక తిరుపతిలో నన్ను కదిలించలేని చోటు ఒక్కటే మిగిలింది. అది వరండాలో ఉంది.

పలమనేరు నుంచి రోజూ బస్సులో తిరిగాను. చిత్తూరు దాకా చాలాసార్లు నిలబడే. ఒక సాయంత్రం కొట్టంలో అమ్మ ఆవు పాలు పిండుతుంటే పక్కన కూర్చుని పిక్కలు పిసుక్కుంటున్నాను.

"ఏమే, ఎప్పుడు సూడు కాళ్ళు పట్టుకుంటా ఉండావు?"

చెప్పాను. మ్యాపు, చుక్కలు, నిమ్మకాయ, అన్నీ. అమ్మ చేయి ఆగిపోయింది.

"బతికుండే మనిషికి నిమ్మకాయ పెట్టినారా? నవ్వులాట కాదు మే. మనిషిని గీసి యాడంటే ఆడ నిలబెడతారా? చెరిపెయ్యమని చెప్పు మీ సారుకి."

"చెరపడం కాదు. చెప్పి చెరపాల."

"ఏం చెప్పాల?"

"పిలుస్తానని మరిచిపోయినానని."

"ఆ ఒక్క మాటకా? నువ్వు సిన్నప్పుడూ ఇంతే. మీ అత్త పాయసం తక్కువ పోసిందని ఈ పొద్దుటికీ ఆ ఇంట్లో చెయ్యి కడగవు."

"సగం గ్లాసు పోసింది."

"దాన్ని ఇంకా మొయ్యి" అని అమ్మ మళ్ళీ ఆవు వైపు తిరిగింది. కాసేపాగి, నా వైపు చూడకుండానే అంది. "ఆడ నిలబడి ఉండేదానికి కాళ్ళు నొయ్యవా? అవే నీకు నొస్తా ఉండాయి."

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు.

చివరి సెమిస్టరులో ఆసుపత్రి వాళ్ళు బండిని చూడడానికి వస్తామన్నారు. అది సరిగా నడిస్తేనే నా థీసిస్ ముగుస్తుంది, సారు సంతకం పడుతుంది. ముందురోజు పుత్తూరు అబ్బాయి ఆగలేక నోరు విప్పాడు.

"సార్, మ్యాపులో రెండు చుక్కలుండాయి. దానికే వంగతా ఉండాది."

సారు తెర మీదికి వంగారు. "ఏందివి?"

"కాళ్ళు సార్" అన్నాను.

"ఎవరివి?"

"నావి."

"మ్యాపు గీసేటప్పుడు ఆడ ఎందుకు నిలబడినారు మేడమ్? మొదటి పాఠం కదా అది!"

"మీరు నిలబడమంటే నిలబడినాను."

"నేనా?" సారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఎప్పుడు?"

అబద్ధమాడి ఉంటే నాకు బాగుండేది. ఆయనకు గుర్తులేదు. నేను ప్రతి రోజూ మోసుకుని తిరిగిన ఆ పూట ఆయన దగ్గర అసలు లేనే లేదు. రివ్యూ, పెద్దాయన, కూడిక గుర్తు, అన్నీ చెప్పాను. ఇతనూ ఉన్నాడు అడగండి అన్నాను.

పుత్తూరు అబ్బాయి తెర వైపే చూస్తూ, "నాకు సరిగ్గా గుర్తులేదు సార్" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మెట్ల దగ్గర నన్ను ఆపి, "అక్కా, నాకు వైవా ఉండాది. నన్ను లాగొద్దు, నీకు దండం పెడతా" అన్నాడు. మంచివాళ్ళతో ఇబ్బంది ఇదే. వాళ్ళను తిట్టడానికి కూడా వీలుండదు.

వాడు గుర్తులేదన్నాక, "సరే, ఏదో జరిగింది" అన్నారు సారు. "కూర్చొని ఉండొచ్చు కదా మేడమ్. రెండు చుక్కలే, చెరిపెయ్యండి."

"నేను చెరపను సార్. మీరు చెరపండి."

సారు పుత్తూరు అబ్బాయి వైపు చూశారు. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "సార్... ఆడ నిమ్మకాయ గూడా పెట్టినారు..."

"రోబోటిక్స్ చదివే మొహాలు!" అని సారు తానే మౌసు తీసుకున్నారు. చుక్కల మీదికి బాణాన్ని తెచ్చి, నొక్కే ముందు కొంచెం ఆగారు. బండి ఆగినట్టే ఆగారు. తర్వాత నొక్కారు. గోడవార అంతా తెల్లగా అయింది. మార్చిన మ్యాపును కొత్త పేరుతో దాచి, లేచి వెళ్ళిపోయారు. ఆ మాట ఆ రోజూ రాలేదు.

మర్నాడు ఆసుపత్రి నుంచి ఇద్దరు వచ్చారు. బండి బయలుదేరింది. దాని పక్కన సారు వివరిస్తూ నడుస్తున్నారు, వాళ్ళిద్దరూ వెనుక. నేనూ పుత్తూరు అబ్బాయీ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాము. ఆ చోటు వచ్చింది. బండి వేగం తగ్గించలేదు. తిన్నగా ఆ చోటి మీదుగా వెళ్ళిపోయింది. నా పిక్కల్లో చల్లగా ఏదో పాకినట్టయింది.

సారు తప్పుకున్నారు.

మాట ఆపలేదు, కింద చూడలేదు. భుజం పక్కకు తిప్పి, ఖాళీ నేల చుట్టూ తిరిగి, మళ్ళీ గోడవారకు వచ్చారు. వెనుక వస్తున్న ఇద్దరూ అదే దారి అనుకుని ఆయన వెంటే తిరిగి వచ్చారు. బండి తిన్నగా, మనుషులు వంకరగా. పుత్తూరు అబ్బాయి నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఉన్నాను.

వాళ్ళకు బండి నచ్చింది. సారు వాళ్ళను కారు దాకా సాగనంపడానికి కిందికి వెళ్ళారు. అబ్బాయి బండిని ఆపుచేసి బ్యాటరీ మారుస్తున్నాడు. నేను వరండాలోకి వెళ్ళి గోడవారగా, మేకు బొక్క కింద, నా చోట్లో నిలబడ్డాను. పాదాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కోనక్కర లేకపోయింది.

సారు మెట్లెక్కి వచ్చారు. నన్ను చూసి ఆగిపోయారు.

"ఏం మేడమ్, ఆడ నిలబడినారు?"

"మీరింకా పిలవలేదు సార్."

ఆయన మొహంలో నవ్వు మొదలై సగంలో ఆగింది. ఆ రోజు గుర్తొచ్చిందో, ఇప్పటికీ గుర్తు రాలేదో నేను చెప్పలేను. చాలాసేపు నా మొహం వైపు కాక నా కాళ్ళ వైపు చూశారు. ఇంతకాలంలో మొదటిసారి మేడమ్ అనలేదు.

"రామ్మా" అన్నారు. "లోపలికి రా."

వెంటనే కదల్లేకపోయాను. తర్వాత వెళ్ళాను. ఆయన కుర్చీ లాగి వేశారు. సొరుగులోంచి కవరు తీసి, లడ్డు విరిచి, మొదటి సగం నాకు పెట్టారు. పాత లడ్డే, కొంచెం గట్టిపడింది. మరిచిపోయినానని మాత్రం అనలేదు. థీసిస్ అట్ట రంగు గురించి మాట్లాడారు. ఆ మాట రాలేదన్నది ఎంత గుర్తుందో, కుర్చీ ఆయన చేత్తో వేశారన్నదీ నాకు అంతే గుర్తుంది.

అప్పుడు బయట బండి గుర్రుమన్న చప్పుడైంది. బ్యాటరీ మార్చి అబ్బాయి దాన్ని మళ్ళీ మొదలుపెట్టాడు, మూలకు పంపడానికి. మొదలుపెట్టగానే బండి పాత పేరు మీదున్న మ్యాపునే తీసుకుంటుంది. డెమో కోసం సారు కొత్తదాన్ని చేత్తో ఎక్కించారు గానీ, ఆ మొదలుపెట్టే ప్రోగ్రాము రాసింది నేను. అందులో పేరు మార్చాలని నాకొక్కదానికే తెలుసు.

సారు తలుపుకు వీపు పెట్టి కూర్చున్నారు. నాకు తలుపులోంచి వరండా కనిపిస్తోంది. బండి వచ్చింది. వేగం తగ్గించింది. నేను ఇప్పుడే లేచి వచ్చిన చోటు ముందు ఆగింది. ఎవరినో అడిగింది, జవాబు కోసం చూసింది, ఎడంగా వంగి చుట్టూ తిరిగి వెళ్ళింది.

నేను సారుకు చెప్పలేదు. చేతిలో లడ్డు పట్టుకుని, కుర్చీలో కూర్చుని, బయట నేను నిలబడి ఉండడం చూశాను.